సెట్టిగారి ఇనప్పెట్టె

వెలుగు వైపు చూడొద్దని హుసేనయ్య ఎన్నిసార్లు చెప్పినా డ్రైవరు శీనయ్య వినడు. అరచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని వేళ్ళ సందుల్లోంచి చూస్తూనే ఉంటాడు.

“కళ్ళు మంటెత్తుతాయి శీనయ్యన్నా. తర్వాత నన్నంటావు.”

“నా బస్సుకు వాతలు పెడతా నన్ను చూడొద్దంటే ఎట్టరా మద్రాసోడా? బిడ్డకు వాత పెడతా ఉంటే తల్లి అటు తిరిగి కూచుంటాదా?”

హుసేనయ్య నవ్వి నల్లద్దాలు కిందికి దించుకున్నాడు. ఆత్మకూరు బస్సు షెడ్డులో, బస్సు కింద తవ్విన గుంతలో నిలబడి, తలపైనున్న సైలెన్సరు గొట్టాన్ని అతుకుతున్నాడు. కరిగి కిందికి కారబోయే ఇనుమును పైనే నిలబెట్టడం అతను మద్రాసులో నేర్చుకున్న పనుల్లోకెల్లా కష్టమైనది. ఒక చేతిలో మంట, ఇంకో చేతిలో తీగ. మంట చిన్న చిన్న సున్నాలు చుడుతూ ముందుకు జరగాలి. ఆగితే చిల్లు పడుతుంది, తొందరపడితే పొక్కు లేస్తుంది. గుంత పక్కన గ్యాసు డబ్బాలో కార్బైడు రాళ్ళు నీళ్ళలో బుసబుసమంటున్నాయి. ఆ కుళ్ళిన వెల్లుల్లి కంపుకు షెడ్డులో మిగతావాళ్ళంతా ముక్కులు మూసుకుంటారు. హుసేనయ్యకు మాత్రం ఆ వాసన తగిలితేనే తను మనిషినైనానన్న ధైర్యం వస్తుంది.

మంట ఆర్పాక షెడ్డు యజమాని పెంచలనరసయ్య గుంతలోకి దిగాడు. సుత్తితో అతుకు మీద ఒకటి వేశాడు. చెవి దగ్గర పెట్టి ఇంకొకటి వేశాడు. పక్కనున్న ఇనుము ఎట్లా మోగిందో అతుకూ అట్లాగే మోగింది. చేప పొలుసుల్లాగా ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్న ఆ వరస మీద బొటనవేలు పెట్టి రాశాడు.

“చెయ్యి బాగుండాదిరా,” అన్నాడు.

అంతకుమించి అనలేదు. అనవలసిందేదో మొదటి రోజే అన్నాడు. మద్రాసు నుంచి తెప్పించిన ఆక్సిజను సిలిండరు ఒకటి ఉంది. అది అయిపోయేలోపల పని చూస్తాడు. నచ్చితే రెండో సిలిండరుకు ఆర్డరు రాస్తాడు. రెండోది వస్తే హుసేనయ్య పర్మనెంటు. రాకపోతే ఖాళీ సిలిండరుతోపాటు హుసేనయ్యా షెడ్డు వదలాలి. అందుకని, వాన కోసం రైతు మబ్బు వైపు చూసినట్టు, హుసేనయ్య రోజూ సాయంత్రం సిలిండరు ముల్లు వైపు చూసుకుంటాడు. ముల్లు కిందికి దిగుతున్నకొద్దీ పని ఇంకా పొదుపుగా, ఇంకా అందంగా చేస్తాడు.

ఆ సాయంత్రమే ఉదయగిరి నుంచి నారాయణయ్యసెట్టి బస్సు దిగి నేరుగా షెడ్డులోకి వచ్చాడు. కుదవ వ్యాపారం ఆయనది. షెడ్డు కట్టే రోజుల్లో పెంచలనరసయ్యను ఆదుకున్నవాడు. స్టూలు వేసినా కూచోలేదు.

“అమ్మ రొంటినుండే ఇనప్పెట్టె తాళంచెవి పొయ్యింది నరసయ్యా. ఇల్లంతా జల్లెడ పట్టినాం. పేడకుప్ప కూడా తవ్వినాం. మద్రాసు కంపెనీకి తంతి కొడితే మనిషి రావాలంటే నెల పడతాదని రాసినారు. చూస్తే పెళ్ళిళ్ళ కాలం. ఊళ్ళో సగంమంది ఆడోళ్ళ నగలు నా పెట్టెలోనే ఉండాయి. తెల్లారితే వాకిట్లో తిరణాలే.”

“ఇంకో తాళంచెవి లేదా?”

“ఉండాది. పెట్టె లోపలే ఉండాది.”

శీనయ్య నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు.

“మీవాడి గ్యాసు ఇనుమును అతకడమేనా, కోస్తాదా కూడా?” అన్నాడు సెట్టి.

గుంతలో సామాను సర్దుకుంటున్న హుసేనయ్య ఆ మాట విన్నాడు. తండ్రి బాలయ్య చిన్నప్పటినుంచి చెప్పే మాట ఒకటుంది: ‘ఇంకొకరి గడియ మీద చెయ్యి పెట్టబాకరా, ఊడి కింద పడతన్నా సరే.’ ఆ మాట గుర్తుకు రాలేదని చెప్పడానికి లేదు. వచ్చింది. కానీ దాని పక్కనే, మద్రాసులో మేస్త్రీ అందరినీ చుట్టూ నిలబెట్టి, మందపాటి రేకును తన చేత గీత తప్పకుండా కోయించిన రోజు కూడా గుర్తుకొచ్చింది. రెండిట్లో ఏది బలంగా వచ్చిందో మనుషుల్ని పుట్టించినవాడికే తెలియాలి.

“కోస్తాది సామీ,” అన్నాడు.

“లోపలి సొమ్ము కాలిపోతే?”

“తడిగోతాలు కట్టుకుంటాను. తాళం చుట్టూతానే కోస్తాను. సెగ లోపలికి పోనీను.”

పెంచలనరసయ్య సెట్టి వైపు, హుసేనయ్య వైపు మార్చి మార్చి చూశాడు. “ఈ పని గెలిచినావంటే రేపే రెండో సిలిండరుకు రాస్తాన్రా,” అన్నాడు.

మర్నాడు సిలిండరును బస్సులో సీట్ల మధ్య పడుకోబెట్టి, దొర్లకుండా రెండువైపులా బియ్యం బస్తాలు పెట్టారు. అనుమసముద్రంపేట దర్గా దగ్గర జనం దిగుతుంటే శీనయ్య వెనక్కి తిరిగి, “దిగి ఒక దండం పెట్టుకోరా. నీ పేరు ఈ సామికి మొక్కుకుని పెట్టిందే గదా,” అన్నాడు. హుసేనయ్య సిలిండరు మీద చెయ్యి తియ్యకుండానే కూచున్నచోటినుంచి దండం పెట్టుకున్నాడు. దుత్తలూరు దాటాక ఉదయగిరి కొండ కనిపించింది. ఈ పని అయిపోగానే భార్య రోశమ్మకు చెప్పవలసిన మాట అతను మనసులో అప్పుడే పేర్చుకున్నాడు. ‘ఇంక పర్మనెంటే.’ పెళ్ళైనప్పటినుంచి ఆమె అడిగింది అదొక్కటే.

సెట్టి ఇంటి ముందు నిజంగానే తిరణాల మాదిరి ఉంది. ఆడవాళ్ళు అరుగుల మీద, మగవాళ్ళు వీధిలో. హెడ్డు కానిస్టేబులు కూడా ఉన్నాడు. ఆయన యూనిఫారంలో ఉన్నా వచ్చింది భార్య గొలుసు కోసమని అందరికీ తెలుసు.

ఇనప్పెట్టె నట్టింట్లో ఉంది. దాని పక్కనే దేవుడి గూడు. హుసేనయ్య గడప బయట నిలబడ్డాడు. సెట్టి లోపలికి చూసి, అతని వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు.

“పెట్టెను బయటికి తెద్దాం,” అన్నాడు.

పదిమంది కూలీలు గడ్డపారలు, దుంగలు పట్టుకొచ్చారు. పెట్టె కింద దుంగలు దూర్చి, అంగుళం అంగుళం నెట్టారు. గడప దాటేటప్పుడు ఒకడి కాలివేలు నలిగింది. గడప చెక్క పగిలింది. లోపలినుంచి సెట్టి తల్లి రాఘవమ్మ అంతా చూస్తూ కూచుంది. తాళంచెవి పోయిన దగ్గర్నుంచి ఆవిడ సరిగ్గా అన్నం తినలేదు.

“ఇంత కష్టం ఎందుకురా? ఆ పిల్లోడు లోపలికొస్తే ఏమౌతాది? పెట్టెకంటే వాడు బరువా?”

“నువ్వూరుకోమ్మా.”

 వీధిలో ఇద్దరు ముగ్గురు తలలు దించుకుని నవ్వుకున్నారు.

హుసేనయ్య పెట్టె ముందు గొంతుక్కూచున్నాడు. తలుపు మీద వేళ్ళతో తట్టి లోపల ఎక్కడ బోలుగా ఉందో, ఎక్కడ గట్టిగా ఉందో విన్నాడు. తాళం కన్నం చుట్టూ సుద్దతో నాలుగు గీతలు గీశాడు. చుట్టూతా తడిగోతాలు కట్టించి, కింద తడి ఇసక పోయించాడు. మంట వెలిగించి నీలంగా, సన్నగా సూదిలాగా చేసుకున్నాడు. సుద్దగీత చివర ఒక చోట ఆపాడు. ఇనుము ఎర్రబడింది, నారింజరంగుకు వచ్చింది, తెల్లబడి చెమటలాగా తడి మెరిసింది. అప్పుడు పిడి నొక్కాడు. ఆక్సిజను ఒక్కసారిగా దూకింది. నిప్పురవ్వలు తిరునాళ్ళ చిచ్చుబుడ్డిలాగా ఎగిసి పడ్డాయి. జనం వెనక్కి తగ్గారు. గీత వెంట మంట నడిచింది. మూల తిరిగేచోట మాత్రం కొంచెం ఆగి, మళ్ళీ నడిచింది. నాలుగో గీత కలిసేసరికి పలకంత ఇనుపముక్క తాళంతో సహా ఊగింది. పట్టకారుతో పట్టి లాగి ఇసకలో పడేశాడు. గోతం మీద నీళ్ళు చల్లి, చల్లారాక, చెయ్యి లోపల పెట్టి గడియలు వెనక్కి జరిపాడు. తలుపు తెరుచుకుంది.

లోపల నగల మూటలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. ఒక్క గుడ్డ కూడా కమరలేదు.

హుసేనయ్య నల్లద్దాలు పైకెత్తి జనం వైపు తిరిగాడు. శెభాష్ అంటారనుకున్నాడు. నవ్వడానికి మొహం కూడా సిద్ధం చేసుకున్నాడు.

 అరుగు మీదున్న ఒకామె మెడలో పుస్తెలను పైటలోకి దోపుకుంది. వెనక వరసలో ఉన్న బట్టల కొట్టాయన చెప్పులు తొడుక్కుని గబగబా ఇంటివైపు నడిచాడు. ఆయన వెనకే ఇంకొకాయన.

“ఎంతసేపు పట్టింది?” అని ఎవరో అడిగారు.

“తమలపాకు నమిలి ఉమిసినంతసేపు,” అని ఇంకెవరో జవాబిచ్చారు.

హెడ్డు కానిస్టేబులు ఇసకలోని ముక్కను బూటుకాలితో తిప్పి చూశాడు. “నీ పేరేంది?”

“హుసేనయ్యండి.”

“ఎవురి కొడుకువి?”

“ఆత్మకూరు చెరువుకట్ట కింద... బాలయ్య కొడుకునండి.”

“కావలి కాసే బాలయ్యా? యానాది బాలయ్యా?”

“అవునండి.”

హెడ్డు ముక్కను మళ్ళీ ఇసకలోకి తన్నాడు. సెట్టి మాత్రం ఆ వేళ హుసేనయ్యకు ఆకు నిండా అన్నం పెట్టించాడు. పెరట్లో కూచుని తింటుంటే గోడ మీదుగా పిల్లలూ పెద్దలూ తొంగి చూశారు. కోతిని చూసినట్టు కాదు, పులిని చూసినట్టు చూశారు.

షెడ్డుకు తిరిగొచ్చిన మర్నాడు సిలిండరుకు గొలుసు చుట్టి ఉంది. గొలుసుకు కప్పతాళం. శీనయ్య దాన్ని ఆడించి చూపించి, “నీకు భయపడి వేసినారంట. దీన్ని కొయ్యాలన్నా గ్యాసు కావాలి, గ్యాసు దీంట్లోనే ఉండాది. సెట్టి రెండో తాళంచెవి లెక్కే,” అన్నాడు. రోజూ నవ్వే హుసేనయ్య నవ్వలేదు. శీనయ్య కూడా నవ్వు సగంలో ఆపేశాడు.

పెంచలనరసయ్య ఎంతసేపటికీ ఇటు రాలేదు. వచ్చాక కూడా బస్సు చక్రం వైపు చూస్తూ మాట్లాడాడు.

“నీ పనికి వంక పెట్టేది కాదురా. ఉదయగిరి నుంచి మనుషులొచ్చినారు, ఆత్మకూరు సెట్లూ వచ్చినారు. ఆ మంటను నీ చేతిలో ఎట్ట వదిలి పెడతావని అడగతండారు. హెడ్డు కూడా కబురు పెట్టినాడు. నాలుగు రోజులు ఆగు.”

“సైలెన్సర్లు రెండు మిగిలుండాయి సామీ.”

“ఉండనీ. తీగతో కట్టుకుని తిప్పుకుంటాం.”

ఆ పొద్దు అతను బస్సెక్కి వింజమూరు పోయాడు. అక్కడ బియ్యం మిల్లాయనకు బాయిలరు గొట్టాలు అతికే మనిషి కావాలని విన్నాడు. మిల్లాయన మర్యాదగానే కూచోమన్నాడు. మజ్జిగ ఇప్పించాడు. “ఉదయగిరి పెట్టె కోసింది నువ్వేనా? అబ్బ, ఏం చెయ్యిరా నీది,” అని మనస్ఫూర్తిగా అన్నాడు. అంతా చెప్పించుకుని విన్నాడు. విన్నాక లేచి, డబ్బుపెట్టె ఉన్న తన గది తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. “పని ఉంటే కబురు చేస్తా,” అన్నాడు.

ఇంటికొచ్చేసరికి బాలయ్య గుడిసె ముందు వల బాగుచేసుకుంటున్నాడు. రోశమ్మ చేపలు కడుగుతోంది. ఇద్దరూ తలెత్తి అతని వైపు చూశారు. మొహం చూస్తే తెలిసిపోతుంది.

“నేను దొంగతనం చేసినానా నాయనా?” అన్నాడు హుసేనయ్య చివరికి. “వాళ్ళే పిలిచినారు. వాళ్ళే కొయ్యమన్నారు. ఊరంతా చూస్తండగా కోసినా.”

“ఊరంతా చూసిందనే గదరా తంటా.” బాలయ్య పళ్ళతో దారం కొరికాడు. “నన్ను ఇన్నేళ్ళు కళ్ళాలకు ఎందుకు కావలి పెట్టుకున్నారనుకుండావు? బలవంతుణ్ణనా? యానాదోళ్ళంటే దొంగలని భయం. ఆ భయంతో మనల్నే కావలి పెడతారు. సరుకు పోతే ఎత్తిందెవురైనా జవాబు నాదే. ఒక గంప వేరుశనక్కాయ పోతే మీ అమ్మ కడియం ఇచ్చి కట్టినా.”

“నాది కావలి కాదు గదా. చేతిలో పని ఉండాది.”

బాలయ్య మళ్ళీ వల మీదికి వంగాడు. రోశమ్మ చేపల గిన్నె పక్కన పెట్టి, “నాలుగు రోజులు ఆగమన్నాడు గదా. ఆగుదాం,” అంది.

నాలుగు రోజులు నిండకముందే సెట్టి నుంచి కబురొచ్చింది. పెట్టెకు పడిన బొక్క పూడ్చాలట. తలుపుకు కొత్తగా గడియ కొక్కేలు అతికితే బయటినుంచి తాళాలు వేసుకుంటాడట. పెంచలనరసయ్య గొలుసు విప్పి, సిలిండరు తీసుకుని తనే వెంట వచ్చాడు. ముల్లు దాదాపు అడుగుకు దిగి ఉంది.

పెట్టె ఇంకా వాకిట్లోనే ఉంది. ఈసారి జనం లేరు. సెట్టి, హెడ్డు, ఇద్దరు కొట్లవాళ్ళు బెంచీ మీద కూచుని ఉన్నారు. హుసేనయ్య కొత్త రేకుముక్కను బొక్కకు సరిగ్గా పట్టేట్టు ఆకురాయితో రాచాడు. నాలుగు మూలలా చుక్కంత అతుకు వేసి నిలబెట్టాడు. తర్వాత వరస మొదలుపెట్టాడు. ఎవరు చూస్తున్నారు, ఎందుకు చూస్తున్నారు అన్నది కాసేపటికి మరిచిపోయాడు. మంట, తీగ, కరిగిన చిన్న గుంట, అవే ఉన్నాయి. పొలుసు మీద పొలుసు ఒరిగింది. తను కోసిన చోటును తనే మూస్తున్నాడు. ఇది చూశాక వీళ్ళకు తెలుస్తుంది, నేను కోసేవాణ్ణి కాదు, అతికేవాణ్ణి అని. ఆ ఒక్క ఆశతో, బస్సుకు కూడా పెట్టనంత శ్రద్ధ పెట్టాడు.

రెండో కొక్కెం అతుకుతుండగా పెంచలకోన నుంచి గుడి మనిషి వచ్చాడు. చేతిలో ప్రసాదం పొట్లం, ఒక పసుపు గుడ్డ మూట. నరసింహస్వామి ఉత్సవానికి ముందు హుండీ విప్పారు. డబ్బుల మధ్య ఈ మూట కనిపించింది. మొక్కు ముడుపులో డబ్బులతోపాటు ఇంత పెద్ద తాళంచెవి. దాని మీద ఇంటిపేరు చెక్కి ఉంటే ఆనవాలు పట్టి తెచ్చాడు.

రాఘవమ్మ గడప దాకా వచ్చి గుడ్డ విప్పి చూసుకుంది. “పెంచలకోన పొయ్యిన తెల్లారి దీపం లేకుండా ముడుపు కట్టినానే! రొంటిముడి, ముడుపు ముడి ఒకటిగా కట్టేసుకున్నట్టుండా.” ఆవిడ రెండు చేతులూ ఎత్తి కొండవైపు దండం పెట్టింది.

తాళంచెవి చేతులు మారి చివరికి సెట్టి దగ్గరికి వచ్చింది. ఆయన దాన్ని పట్టుకుని పెట్టె వైపు చూశాడు. అది పట్టే కన్నం ఇప్పుడు లేదు. ఈ కాస్త రోజులు ఓపిక పట్టి ఉంటే ఇనుము ఇనుముగానే, హుసేనయ్య హుసేనయ్యగానే ఉండిపోయేవాళ్ళు. చెంచులింటి పిల్లను చేసుకున్న స్వామి ఆ మూటను తన దగ్గరే పెట్టుకుని ఏమనుకుని ఉంటాడో, మనబోటివాళ్ళం ఎట్లా చెప్పగలం.

చివరి పొలుసు పడగానే మంట రెండుసార్లు దగ్గి ఆరిపోయింది. సిలిండరు అయిపోయింది.

హెడ్డు లేచి వచ్చి అతుకు మీద లాఠీతో కొట్టి చూశాడు. “దీన్ని ఎవురన్నా ఊడదీయగలరా?”

“లేదండి. పెట్టెలో ఇదే గట్టి చోటు.”

“నువ్వైతే?”

హుసేనయ్య ఆరిన మంటగొట్టం కింద పెట్టాడు. నారాయణయ్యసెట్టి దగ్గరికి పిలిచాడు. గొంతులో కరుకుదనం ఏమీ లేదు.

“బజారు సెట్లమంతా అనుకున్నామయ్యా. ఈ వీధి కావలి నీకిస్తాం. నెల జీతం, ఏడాదికి రెండు జతల బట్టలు, పండక్కు గింజలు. పెరటెనక గుడిసె వేసుకో, పెళ్ళాన్ని తెచ్చుకో. నీ తర్వాత నీ కొడుక్కి. ఎవురూ తీసేది లేదు. పర్మనెంటు.”

“నేను వెల్డరును సామీ.”

“వెల్డరువు గనకే గదా ఇస్తుండేది. నువ్వు వాకిట్లో కూచుంటే ఇంకెవుడొచ్చి కోస్తాడు? ఈ చుట్టుపక్కల కోసేవాడివి నువ్వొక్కడివే.” ఆగి, “ఒకటే మాట. గ్యాసు మాత్రం ముట్టకూడదు,” అన్నాడు.

హుసేనయ్య పెంచలనరసయ్య వైపు తిరిగాడు. ఆయన ఖాళీ సిలిండరు మూత బిగిస్తున్నాడు. “రెండోదానికి రాయలేదురా,” అన్నాడు తలెత్తకుండా.

“నీకిష్టం లేకపోతే ఎవురూ కట్టెయ్యరు,” అన్నాడు హెడ్డు. దారి చెప్పే మనిషిలాగా నిమ్మళంగా అన్నాడు. “ఆత్మకూరు పో, వింజమూరు పో. కానీ రేపు యాడన్నా ఒక పెట్టె పగిలిందనుకో, నేను ముందుగా ఎవురి గుడిసెకు రావాలో నువ్వే చెప్పు.”

ఎండ అరుగు మీదనుంచి వీధిలోకి జారింది. హుసేనయ్య నల్లద్దాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒప్పుకున్నానని అతను నోటితో అనలేదు. కాదని కూడా అనలేదు. సెట్టికి అది చాలింది. మూల నిలబెట్టి ఉన్న వెదురుకర్ర తెచ్చి అతని పక్కన గోడకు ఆనించాడు.

రాఘవమ్మ పగిలిన గడప దాటి, కర్ర పొడుచుకుంటూ మెట్లు దిగి వచ్చింది. పొట్లం విప్పి, చెయ్యి పట్టమంది. పైనుంచి వెయ్యకుండా, తన చేత్తో అతని చెయ్యి పట్టుకుని పులిహోర అందులో పెట్టింది.

“చెయ్యి ఇంత వేడిగా ఉండాదేంది నాయనా?”

“మంట దగ్గర పని గదా అవ్వా.”

“ఇంక ఆ బాధ లేదులే. చూసినావా, స్వామి నా తాళంచెవిని ఊరికే దాచిపెట్టుకోలేదు. అది హుండీలో పడకపోతే నువ్వు ఈ ఇంటికొచ్చేవాడివా? నీకు ఈ స్థిరమైన పని దొరికేదా?”

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ నిజంగానే సంతోషపడుతోంది. హుసేనయ్య ప్రసాదం కళ్ళకద్దుకున్నాడు.

“దొరికేది కాదవ్వా,” అన్నాడు.

కూలీలు మళ్ళీ దుంగలు తెచ్చారు. పెట్టెను అంగుళం అంగుళం లోపలికి నెట్టుకుపోతుంటే అతుకు ఒకసారి ఎండకు తళుక్కుమంది. చేప ఒడ్డున పడి ఒళ్ళు విరుచుకున్నట్టు మెరిసింది. గడప దాటింది. తలుపులు మూసి లోపల గడియ వేసుకున్న చప్పుడైంది. వీధి చివర శీనయ్య బస్సు హారను కొట్టాడు, కాసేపాగి మళ్ళీ కొట్టాడు, తర్వాత వెళ్ళిపోయాడు.

హుసేనయ్య చెయ్యి కడుక్కుని, కర్ర అందుకుని, కావలివాడు కూచోవలసిన తీరులో, ఇంటికి వీపు పెట్టి కూచున్నాడు.